ఫిబ్రవరి 10 నుంచి వెనక్కి లెక్కపెడితే

ముప్ఫై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తెనాలిలో ఇల్లు, ఇంటి వెనక రెండు సెంట్ల పెరడు, మేడ మీద ఓ ఇరవై తొట్లు. ఇదీ నా సేద్యం. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. దీపావళి దాటిందంటే ఫోన్‌లో ఒకటే గోల: "అమ్మా, రాత్రి మంచు పేరుకుని టమాటా మొక్కలన్నీ నల్లబడిపోయాయి, ఇక తోట మూసేసినట్టే". వాళ్లకు తోట మూతపడే వేళకే మనకు తలుపులు తెరుచుకుంటాయి. ఎండాకాలం నీళ్లు మోయడంతో సరి, వానాకాలం కలుపు పీకడంతో సరి. కూరగాయలు పండించామని చెప్పుకోవడానికి మనకు మిగిలింది కార్తీకం నుంచి మాఘం దాకా ఉన్న ఆ నాలుగు నెలలే.

ఆ నాలుగు నెలల్లో చాలామంది చేసే పొరపాటు ఒక్కటే. చలి పుట్టాక విత్తనాలు కొంటారు. డిసెంబర్లో స్వెట్టర్ తీసిన రోజున క్యారెట్ గుర్తొస్తుంది. అప్పటికే ఆలస్యం. ఎప్పుడు వేయాలి అని ముందుకు చూడకండి, ఎప్పటికల్లా కోసేయాలి అని వెనక్కి చూడండి. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అంటారు గానీ, మా కోస్తాలో ఫిబ్రవరి రెండో వారానికే మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. అందుకని నా నోటు పుస్తకంలో చివరి రోజు ఫిబ్రవరి 10. చలి కోరే ప్రతి పంటకూ పట్టే రోజులను అక్కడి నుంచి తీసివేస్తాను.

క్యారెట్‌కు 90 రోజులు, అంటే నవంబరు 12. క్యాబేజీకి నారు 30 రోజులు, నాటాక 65 రోజులు, మొత్తం 95. నారు పోయాల్సింది నవంబరు 7. ముల్లంగికి 45 రోజులు చాలు కాబట్టి డిసెంబరు 27 దాకా వేసుకోవచ్చు. ఇవి చిట్టచివరి తేదీలు. పరీక్ష రోజున పుస్తకం తెరిచినట్టు కాకుండా వీటికి ఓ పది, పదిహేను రోజుల ముందే వేస్తే మంచిది. బఠాణీకి మాత్రం నా లెక్క నప్పలేదు. మూడేళ్లు వేశాను. నవంబరు మొదట్లో వేసినా మా ఊరి చలి దానికి ఆనదు. మూడేళ్లలో కలిపి ఓ పప్పుగిన్నెడు వచ్చాయేమో. పువ్వులు ముద్దుగా ఉంటాయి, అంతే. ఆదిలాబాదు వైపు వాళ్లయితే ధైర్యంగా వేసుకోండి.

ముందు నీడ కొలవండి

ఈ పని ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. జూన్‌లో మా దక్షిణపు ప్రహరీకి మధ్యాహ్నం పూట మనవైపు నీడే ఉండదు, అప్పుడు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అదే గోడ, ఐదడుగుల ఎత్తు, అక్టోబరు ఆఖరున పన్నెండు గంటలకు మూడడుగులకు కాస్త తక్కువ నీడ పరుస్తుంది. డిసెంబరు 22 నాటికి ఆ నీడ నాలుగడుగుల రెండంగుళాలు. పొద్దున, సాయంత్రం ఇంకా పొడుగు. కొన్నేళ్ల పాటు నేను ఆ గోడ పక్కనే టమాటా నాటి, "ఏంటో, ఈ చివర మడి అచ్చి రావట్లేదు" అనుకున్నాను. మా అత్తగారైతే అక్కడ ఏదో దోషం ఉందనే తేల్చేశారు. దోషం లేదు, ఎండ లేదు.

మీకు సూత్రం కావాలా? దక్షిణపు గోడ ఎత్తును ఐదుతో హెచ్చవేసి ఆరుతో భాగించండి. డిసెంబర్లో మిట్టమధ్యాహ్నపు నీడ వస్తుంది. హైదరాబాదు, విశాఖల్లో ఐదడుగుల గోడకు ఇంకో రెండంగుళాలు కలుపుకోండి, తిరుపతిలో నాలుగైదంగుళాలు తీసేయండి. అంత మేర ముగ్గుపిండితో గీత గీయండి. గీతకు లోపల పాలకూర, కొత్తిమీర, పుదీనా. గీతకు అవతల టమాటా, వంగ, క్యాబేజీ. మేడ మీద కూడా ఇదే. పిట్టగోడ మూడడుగులైతే రెండున్నర అడుగులు నీడే, దక్షిణపు పిట్టగోడకు ఆనించిన తొట్లను దీపావళి సెలవుల్లో వెనక్కి జరపండి. చిక్కుడు పందిరి ఎప్పుడూ ఉత్తరం వైపున. లేకపోతే ఆ ఒక్క పందిరే తోటంతటికీ గొడుగు పట్టేస్తుంది.

మట్టి

మాది నల్లరేగడి. మినుముకు బంగారం, క్యారెట్‌కు శత్రువు. ఆ మట్టిలో వేస్తే క్యారెట్ గట్టి బెడ్డ తగిలిన చోటల్లా చీలిపోయి, రెండు కాళ్లూ మూడు కాళ్లూ వేసుకుని బయటికొస్తుంది. దుంపలకు నేను పాత నీళ్ల డ్రమ్మును నిలువునా సగానికి కోయించి వాడతాను. అడుగున బెజ్జాలు, లోపల అడుగు లోతు మట్టి: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు. తొట్టికి రెండు గుప్పెళ్లు వేపపిండి. ఎరువు "బాగా చివికిన" అని ఎందుకన్నానంటే, పచ్చి ఎరువులో కూడా క్యారెట్ చీలుతుంది. చేత్తో పట్టుకుంటే పేడ వాసన రాకూడదు, తొలకరి మట్టి వాసన రావాలి.

పెరట్లో మడులకు మాత్రం వానాకాలపు మొక్కలు తీసేశాక పలుగుతో ఓ అడుగు లోతు కదిపి, వారం రోజులు ఎండకు వదిలేస్తాను. అక్కడ మొన్నటిదాకా ఉన్న గోంగూర గురించి ఓ మాట. అక్టోబరు దాటగానే గోంగూర పూతకొస్తుంది, ఆకు చిన్నదైపోతుంది. మీరు నీళ్లు తక్కువ పోసినందుకు కాదు. పొద్దు తగ్గితే పూయడం దాని స్వభావం. దాన్ని బతిమాలి ఆకు తీద్దామని యూరియా వేయకండి. రెండు మొక్కలు గింజకు ఉంచి మిగిలినవి పీకేయండి.

క్యారెట్, గోనెపట్టా

క్యారెట్ గింజ దోమరెక్కంత ఉంటుంది. పది గింజలు చిటికెలో పట్టుకుంటే పదకొండో వేలు కావాలనిపిస్తుంది. ఒక చెంచా గింజల్లో పావు కేజీ పొడి ఇసుక కలిపి, ముగ్గు వేసినట్టే వేళ్ల మధ్య నుంచి గీతలుగా జారవిడవండి. ఆడవాళ్లకిది ఎవరూ నేర్పక్కర్లేదు. పైన అర అంగుళం లోపే మట్టి. మొలక రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పైమట్టి ఒక్క పూట ఎండినా మొలక చచ్చిపోతుంది. అందుకని తడి గోనెపట్టా కప్పుతారు, అది సరే. కానీ ఆరో రోజు నుంచి ప్రతి పొద్దునా గోనె కొస ఎత్తి చూడాలి. ఓ ఏడాది నేను మేనకోడలి పెళ్లికి రాజమండ్రి వెళ్లి పన్నెండో రోజున తిరిగొచ్చి గోనె ఎత్తాను. మొలకలన్నీ తెల్లగా, సన్నగా, జనపనార పోగుల్లోంచి దూరి పైకి వచ్చేసి ఉన్నాయి. గోనెతో పాటే ఊడొచ్చేశాయి. నార ఏదో మొలక ఏదో తెలియకుండా అల్లుకుపోయాయి. నాలుగో వంతు మొలక కనిపించిన పూటే గోనె తీసేయాలి.

మొక్క మూడంగుళాలు ఎదిగాక రెండు, మూడంగుళాలకు ఒకటి ఉంచి మిగిలినవి పీకండి. ప్రాణం ఒప్పదు, పీకాలి. బీట్‌రూట్‌కు కూడా ఇదే. మీరు ఒక్క గింజ అనుకుని వేసేది నిజానికి రెండు మూడు గింజల ముద్ద, ఒక్క చోటే గుంపుగా మొలుస్తాయి. పీకిన బీట్ మొలకలు పప్పులో వేసుకోండి. రకం విషయానికొస్తే, క్యారెట్‌లో మా వేడికి పూసా కేసర్ లాంటి మన దేశపు రకాలు కుదిరినట్టు విదేశీ రకాలు కుదరవు. ముల్లంగికి జాపనీస్ వైట్ ఈ కాలానికి బాగుంటుంది. పూసా చేట్కి వేసవి రకం, ప్యాకెట్ చూసి కొనండి. ముల్లంగిని, క్యారెట్‌ను నారు పోసి నాటకూడదు, ఎక్కడ పెరగాలో అక్కడే వేయాలి.

కాలీఫ్లవర్ దగ్గర నేను ఫెయిలయిన కథ

ఒకసారి విత్తనాల కొట్లో ప్యాకెట్ మీద బొమ్మ చూసి మనసు పడ్డాను. పాలనురుగులా తెల్లటి పువ్వు, స్నోబాల్ అని రాసుంది. తెచ్చి పోశాను. జనవరి ఆఖరు దాకా ఏనుగు చెవులంత ఆకులు వచ్చాయి, మధ్యలో పువ్వు లేదు. కొట్టువాడి తప్పు కాదు. స్నోబాల్ జాతి ఆలస్యపు రకం, పువ్వు కట్టాలంటే దానికి పది, పదిహేను డిగ్రీల చలి వారాల తరబడి ఉండాలి. మాకు ఆ చలి ఎక్కడిది? కోస్తాలో ముందస్తు రకాలే వేయాలి. పూసా దీపాళి లాంటివి, పేరులోనే దీపావళి ఉంది. వీటిని ఆగస్టు, సెప్టెంబర్లలోనే నారు పోసుకోవాలి. ముందస్తు రకాన్ని ఆలస్యంగా వేస్తే ఇంకో తిప్పలు: మొక్క ఎదగకముందే బొత్తామంత పువ్వు కట్టి ఆగిపోతుంది. ముదిరిన నారు నాటినా అంతే. నారు 25, 30 రోజులు దాటితే కొనకండి, ఎంత చవకగా ఇచ్చినా.

క్యాబేజీ మాత్రం మంచి పిల్ల. గోల్డెన్ ఏకర్ రకం చిన్న గుండ్రటి గడ్డ, ఇద్దరున్న ఇంటికి సరిగ్గా ఒక పూట కూర. దాని పురుగు సన్నగా, ఆకుపచ్చగా ఉంటుంది. తాకితే దారం వదులుకుంటూ కిందికి వేలాడుతుంది. ఆకు అడుగు భాగాన్ని గీకి, పైపొర అద్దంలా మిగులుస్తుంది. రైతులు 25 వరసల క్యాబేజీకి రెండు వరసల ఆవాలు వేస్తారు, గుడ్లు పెట్టే దాని రెక్కల పురుగుకు ఆవ మొక్కంటే ఎక్కువ ఇష్టం. నేను ప్రతి మడి చుట్టూ పోపుడబ్బాలో ఆవాలే చల్లుతాను. పురుగు అక్కడ గుడ్లు పెట్టగానే ఆవ మొక్కను పీకి బక్కెట్ నీళ్లలో ముంచుతాను. క్యాబేజీ నాటడానికి పది రోజుల ముందే ఆవాలు మొలవాలి.

ఆకుకూరలకు పెద్ద విద్య అక్కర్లేదు. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. పిండి చేయకండి. మెంతులు నాలుగో రోజుకే మొలుస్తాయి, మూడు వారాలకు కూర. ఒకేసారి అంతా చల్లేసి ఆ తర్వాత వాడకట్టంతా పంచుకోకుండా, పదిహేను రోజులకొకసారి గుప్పెడు చొప్పున చల్లుకోండి. టమాటాకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ దొరికితే వేయండి, ఆకుముడత వైరస్‌నూ, ఎండు తెగులునూ, ఆకుమాడునూ మూడింటినీ తట్టుకుంటుంది. బెండ, దోస మాత్రం డిసెంబర్లో వేయకండి. చలికి గింజ సరిగ్గా మొలవదు.

తుఫాను వస్తోందంటే

ఉత్తరాది తోటల పుస్తకాలు చదివేవాళ్లకు చలికాలం అంటే మంచు నుంచి మొక్కను కాపాడటం. మనకు నవంబరు, డిసెంబరు అంటే బంగాళాఖాతం. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన చూసిన తరం మాది. రేడియోలో "వాయుగుండం" అనే మాట వింటే ఇప్పటికీ చేతిలో పని ఆగిపోతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు ఎంతో దూరం కాదు. చేలో కోసి పరిచిన వరి నీళ్లలో మునిగినవాళ్ల ముందు నా పెరటి నష్టం నష్టమే కాదు, కానీ దాని వల్ల నాకో క్రమం అలవాటయింది.

హెచ్చరిక రాగానే ముందు పిట్టగోడ మీది తొట్లు కిందికి దించాలి. కిందున్నవాళ్ల తల మీద పడితే అంతకన్నా పాపం లేదు. తర్వాత తొట్ల కింద బెజ్జాల్లో ఇనుప చువ్వ పెట్టి పొడిచి చూడాలి. ఏడాదికి సగం బెజ్జాలు వేళ్లతో మూసుకుపోయి ఉంటాయి. తొట్టి కింద రెండు ఇటుక ముక్కలు. నారు ట్రేలు వరండాలోకి. కాయ దోరదైనా సరే టమాటాలు, బొప్పాయిలు కోసేసి లోపల పెట్టండి, బియ్యం డబ్బాలో మగ్గుతాయి. పెరట్లో మడుల మధ్య జానెడు లోతు కాలువ, అది వీధి కాలువ దాకా వెళ్లేట్టు తీయాలి. ఇది తుఫాను రోజు కాదు, ముందు రోజే. వానలో పార పట్టుకుని నిలబడితే ఏం జరుగుతుందో నాకు తెలుసు, నడుం పట్టేసి నాలుగు రోజులు మంచం మీదున్నాను.

వాన వెలిశాక తొందరపడకూడదు. నీళ్లు పోయాయి కదా అని ఎండ రాగానే మొక్క వాడిపోతే, "అయ్యో దాహం" అని మళ్లీ నీళ్లు పోస్తారు. వేళ్లకు గాలి ఆడక వాడుతోంది, నీళ్లు లేక కాదు. మిగ్‌జాం తర్వాత ఇలాగే ఆరు టమాటా మొక్కలు నా చేతులతో నేనే చంపుకున్నాను. నీళ్లు తీసేసి, మట్టి పైన పెచ్చు కట్టగానే బొరిగెతో పైపైన గీకి గాలి ఆడనివ్వండి. వేళ్లు తిండి తీసుకునే స్థితిలో ఉండవు కాబట్టి ఆకుల మీద తిండి పెట్టాలి: 19-19-19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీళ్లలో కరిగే ఎరువు) లీటరు నీటికి 5 గ్రాములు, సాయంత్రం పూట, వారం తేడాతో రెండుసార్లు. రసాయనం వద్దనుకునేవాళ్లు జీవామృతం ఒకటికి పది నీళ్లు కలిపి వడగట్టి కొట్టుకోండి. ఇంటి మందం జీవామృతానికి పది లీటర్ల నీళ్లు, అర కేజీ ఆవు పేడ, అర లీటరు మూత్రం, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల శనగపిండి, పిడికెడు గట్టు మట్టి. రెండు రోజుల్లో తయారని చెబుతారు, చలిలో నాకు నాలుగు రోజులు పడుతోంది. పుల్లటి వాసన, పైన సన్న బుడగలు వచ్చే దాకా ఆగండి.

మంచు, పేను

ధనుర్మాసం వచ్చిందంటే తెల్లారేసరికి ఆకుల మీద మంచు. నీళ్లు పొద్దున ఎనిమిది తర్వాత, మొక్క మొదలు దగ్గరే పోయండి. సాయంత్రం పైనుంచి పోస్తే రాత్రంతా ఆకు తడిగా ఉండి తెగులు పట్టుకుంటుంది. పెరట్లో రెండు మూడు రోజులకొకసారి చాలు. వేలు రెండు కణుపుల దాకా గుచ్చి చూడండి, తడి తగిలితే బక్కెట్ కింద పెట్టేయండి. బూడిద తెగులు కనిపిస్తే పుల్ల మజ్జిగ ఒకటికి పది నీళ్లు కలిపి కొడతాను. సార్వా కోతలు అయ్యాయి కాబట్టి వరిగడ్డి ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, మొదళ్లలో రెండంగుళాల మందం పరవండి. కాండానికి మాత్రం బొటనవేలంత ఎడం ఉంచండి.

చిక్కుడుకు ఈ కాలంలో పెద్ద శత్రువు, పేనుబంక. పూగుత్తి మెడకు నల్లగా, నూనె పూసినట్టు అతుక్కుని ఉంటుంది. ముందు చీమలు కనిపిస్తాయి. పందిరి గుంజ మీద చీమల బారు పైకి పోతోందంటే పైన పేను ఉన్నట్టే, దాని తీపి జిగురు కోసం కాపలా కాస్తుంటాయి. మొదటి వారంలో పట్టుకుంటే మందు అక్కర్లేదు, ఆ గుత్తిని రెండు వేళ్ల మధ్య నలిపి నీళ్లు చిమ్మితే చాలు. ముదిరితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు. అయితే కొట్టే ముందు కళ్లజోడు పెట్టుకుని ఒక గుత్తి దగ్గరగా చూడండి. పేను మధ్యలో బూడిద రంగులో, వీపు మీద నారింజ మచ్చలతో, మొసలిపిల్లలా పాకే పురుగు కనిపిస్తే చేయి ఆపండి. అది అక్షింతల పురుగు పిల్ల. మొదటిసారి నేను దాన్నే అసలు దొంగ అనుకుని ఓ ముప్ఫై నలిపేశాను. తర్వాత ఓ పిల్లను గాజు సీసాలో పేను కొమ్మతో పాటు పెట్టి చూశాను. అది ఒక్కో పేనునూ పట్టుకుని, రసం పీల్చి, పొట్టు పక్కన పడేసి ఇంకోదాని మీదికి పోతోంది. మర్నాటికి కొమ్మ శుభ్రం. అప్పటి నుంచి పందిరిలో ఆ పిల్లలున్న వైపు వేపనూనె కొట్టను.

గొబ్బెమ్మలకు గుమ్మడి పూలు

నెల పట్టిన దగ్గర్నుంచి వీధిలో పిల్లలు గుమ్మడి పూల కోసం గేటు ఊపుతారు. పూలు ఇస్తే కాయలుండవని మా పక్కింటి వదినగారు గొడవపడుతుంది. ఇవ్వండమ్మా, చూసి ఇవ్వండి. పువ్వు కింద చిన్న బుడిపె కాయ ఉంటే అది ఆడపువ్వు, ముట్టుకోకూడదు. సన్నటి పొడుగు కాడ మీద నిలబడింది మగపువ్వు, అవే ఎక్కువ పూస్తాయి. పొద్దున్నే ఎనిమిది లోపల ఒక మగపువ్వు రేకులు తీసేసి, మధ్యలో పసుపు పొడి ఉన్న కాడను ఆడపువ్వు లోపల మెల్లగా అద్దండి. చలికి తేనెటీగలు ఆలస్యంగా వస్తాయి, మనం చేస్తేనే కాయ నిలుస్తుంది. ఆ పని అయ్యాక మిగిలిన మగపూలన్నీ గొబ్బెమ్మలవే.

సంక్రాంతి వెళ్లాక, పొద్దు కాస్త పొడుగైనట్టు అనిపించగానే ఖాళీ అయిన మడుల్లో బెండ, గోరుచిక్కుడు, దోస. బెండ గింజలు ఒక రాత్రి నానబెట్టండి. చిక్కుడు అప్పటికి ముదిరి, ఆకు పసుపుపచ్చగా మారుతుంది, చాలామంది పీకేసి పందిరి విప్పేస్తారు. రథసప్తమి దాకా ఆగండి. సూర్యుడికి పరమాన్నం పెట్టడానికి చిక్కుడాకులు కావాలి, రథం కట్టడానికి కాయలు కావాలి. మార్కెట్లో ఆ రోజు నాలుగాకులకు అడిగే ధర వింటే గుండె ఆగుతుంది. పందిరి పైకొసన, మొదటి నెలలో కాసి, మచ్చలేని నాలుగు గుత్తులకు ఎర్ర దారం కట్టి వదిలేస్తాను. రథసప్తమి మర్నాడు అవి ఎండి, ఊపితే గలగలమంటాయి. ఒలిచి, రెండు రోజులు నీడలో ఆరబోసి, కాస్త బూడిదా ఎండు వేపాకూ కలిపి పాత హార్లిక్స్ సీసాలో పోస్తాను. మూత మీద ఏడాది రాస్తాను. మళ్లీ ఆ సీసా తీసేది ఆషాఢంలో.